పత్తిలో నీళ్ళు

రెండో తరగతి పుస్తకంలో నీళ్ళ పాఠానికి మంచుకొండ బొమ్మ వేశారు. మా చిలకలూరిపేట వైపు పిల్లలకు మంచు అంటే సోడాకొట్లో ఐసుముక్క. అయినా నేను బోర్డు మీద మూడు గడులు గీసి ఘనం, ద్రవం, వాయువు అని రాసి మహా పండితురాలిలా మొదలుపెట్టాను. ఆ రోజుల్లో నాకు తెలియనిది లేదని నా గట్టి నమ్మకం.

"నీళ్ళు ఎక్కడెక్కడ ఉంటాయిరా?" అని అడిగాను.

చెరువు, కాలవ, బిందె, కొబ్బరిబోండం అన్నారు. ముందు వరసలో ఒక పిల్ల లేచి, "పత్తిలో టీచర్" అంది.

"పత్తి ఘనం. పొడిగా ఉంటుంది. కూర్చో."

"కాదు టీచర్. మిల్లుకి పంపేముందు మా నాన్న నీళ్ళు చల్లుతాడు. బరువు రావాలిగా!"

క్లాసంతా గొల్లుమంది. నాకు ఒళ్ళు మండింది. ఇంటి గుట్టు బయటపెట్టినందుకో, నా గడి పాడుచేసినందుకో ఇప్పటికీ తేల్చుకోలేదు. అబద్ధాలకోరువని తిట్టి గోడ దగ్గర నిలబెట్టాను. ఏడేళ్ళ పిల్ల. ఏడవలేదు, నన్నే చూస్తూ నిలబడింది.

అక్కడితో ఊరుకుంటే పోయేది. మర్నాడు కూడా దాన్ని గోడ దగ్గరే నిలబెట్టి, రుజువు చూపిస్తానన్నాను. మా వరండాలో పోసిన మా ఆయన పత్తి కుప్పలోంచి పొద్దున్నే అత్తగారు కవరు నిండా కుక్కి ఇచ్చారు. మా ఆయన నిజాయితీ గురించి ఊళ్ళో అందరికంటే ఎక్కువ చెప్పేది నేనే. పత్తి బయటికి తీస్తే చేతికి చల్లగా తగిలింది. పొద్దుటి మంచేమో అనుకున్నాను.

"చూడండి, ఎంత పిండినా చుక్క రాదు" అని పిడికిలి బిగించాను.

నీళ్ళు మణికట్టు మీదుగా గాజుల్లోకి కారాయి. ఆ రోజే మా పత్తికి లారీ వస్తుందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

గోడ దగ్గరున్న పిల్లే నా మీద జాలిపడింది. "లారీని తొరగా రమ్మనండి టీచర్. ఎండెక్కితే నీళ్ళు గాల్లోకి పోతాయి. కాటాలో బరువు తగ్గుద్ది."

మూడో గడి అదే. రెండు పీరియడ్లు తంటాలుపడి నేను చెప్పలేకపోయిన వాయువు పాఠాన్ని అది ఒక్క ముక్కలో చెప్పేసింది.

నేను తడిచెయ్యి చీరకు తుడుచుకుంటుంటే అడిగింది.

"ఇప్పుడు కూర్చోనా టీచర్?"