ముగ్గు లేని ఏడాది

నాయన పోయినాక ఏడాది పాటు మా వాకిట్లో ముగ్గు పడలేదు. సంవత్సరీకం అయ్యేదాకా వాకిలి ఊడ్చి నీళ్లు చల్లడమే, ముగ్గు గిన్నె ముట్టకూడదు. ఆళ్లగడ్డలో మా వీధి వీధంతా తెల్లగా ఉంటే మా గడప ముందు మాత్రం తడి మన్ను. అమ్మ ఆ ఏడాది పొడుగునా వాకిట్లోకి వచ్చినప్పుడల్లా తల వంచుకునే ఉండేది.

చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి నేను బడికి పోలేదు. అక్షరాలు నాయన నేర్పాడు, ముగ్గులు అమ్మ నేర్పింది. నాయన సులువుగానే మెచ్చుకునేవాడు. అమ్మ మెచ్చుకోలు మాత్రం నాకు అరుదుగా దొరికేది. "గీత యాడ మొదలయిందో ఆడికే వచ్చి కలవాల. కలవకుంటే అది ముగ్గు కాదు, ఉత్త గీకుడు," అనేది. ఎన్ని పొద్దులు నా ముగ్గు చెరిపించి మళ్లీ వేయించిందో! ఆమె అట్లా వేయించబట్టే ఈ చేతికి ఇంత పని వచ్చింది. ఆ రుణం నేను మరిచిపోలేదు.

అయినా ఆ ఏడాది నేను తప్పు చేశాను.

నాయన అహోబిలం స్వామి పల్లకి ముందు దివిటీ పట్టేవాడు. స్వామి తన పెళ్లికి రమ్మని పిలవడానికి ఏటా ఊరూరూ తిరుగుతాడు. ఆ నలభై రోజులూ నాయన ఆయన వెంట నడిచి, కాళ్లు పగిలి ఇంటికొచ్చి, ఒక్కో మజిలీ కథా నాకు చెప్పేవాడు. వాగు దాటేటప్పుడు బోయీల మోకాళ్ల దాకా వచ్చిన నీళ్లు, జొన్నచేలో పల్లకిని చూసి లేచిన నెమళ్లు, దివిటీ వెలుగుకు మెరిసిన కుందేలు కళ్లు. ఆయన పోయినాక ఆ కథలు ఎక్కడ మరిచిపోతానో అని భయం పట్టుకుంది. వంటింట్లో పరవగా మిగిలిన బేతంచెర్ల బండల ముక్కలు పెరట్లో ఉండేవి. అమ్మ పడుకున్న మధ్యాహ్నాల్లో వాటి మీద సున్నం, ఎర్రమన్ను తుమ్మబంకతో కలిపి ఆ మజిలీలు వేశాను. బొమ్మ అయిపోయినాక చెయ్యి ఆగలేదు. ప్రతి బండ అంచు చుట్టూ చుక్కలు పెట్టి మెలికల ముగ్గు తిప్పాను. తొమ్మిది బండలు. ఆరినాక కట్టెల వెనక దాచాను. రోజూ దీపం దగ్గర స్వామికి చెప్పుకున్నాను. అమ్మకు చెప్పలేదు. సంవత్సరీకం దాటాక వాటిని బయటికి తీస్తే, అప్పుడే వేశాననుకుంది.

బండలు చూసిన కాలేజీ మేష్టరు ఒకాయన నంద్యాలలో తమ కాలేజీ హాల్లో మొదటి ప్రదర్శన పెట్టించాడు. అమ్మ బస్సు పడదని రాలేదు. పత్రిక నుంచి వచ్చినాయన నెమ్మదస్తుడు. ఎప్పుడు వేశావమ్మా అని అడిగితే అబద్ధం నోటికి రాలేదు.

నెల తిరక్కుండా మా ఊళ్లోనే, దేవుడి విగ్రహాలు చెక్కే ఒక షెడ్డులో రెండోది. సగం చెక్కిన స్వాముల నడుమ గోడకు ఆనించి నా బండలు. షెడ్డాయన గర్వంగా ఆ పత్రిక ముక్కను తలుపుకు అంటించాడు. అమ్మను పెద్దమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అమ్మకు చదువు రాదు. పెద్దమ్మ అద్దాలు పెట్టుకుని, గొంతు పెంచి చదివింది: తండ్రి పోయిన ఏడాదిలోనే, ఆయన చెప్పిన కథలను...

"ఏందీ? ఇంకోసారి చదువు," అంది అమ్మ.

పెద్దమ్మ చదివింది. చదివినాక తనకే అర్థమై నోరు మూసుకుంది.

అమ్మ నా వైపు తిరిగింది. "మైలలోనే ముగ్గేసినావా?"

"అమ్మా, అది బొమ్మకు అంచు..."

"నాకు చెప్తాండావా ఏది ముగ్గో? ఏడాది బోడి వాకిలి చూసుకుంటా కూర్చున్యా. నువ్వూ నాతో పాటే కూర్చున్యావనుకుంటి. నేనొక్కదాన్నేనా మీ నాయనకు మైల పట్టింది?"

ఆమె వెళ్లిపోయింది. ఇంట్లో అన్నం పెట్టింది, మాట మాత్రం పెట్టలేదు. ఆచారం తప్పిందన్న బాధ కంటే, ఆ ఏడాదంతా పక్కనే ఉండి ఆమెను ఒంటరిని చేశానన్నది నన్ను ఎక్కువగా కోసింది.

మరుసటి పొద్దున షెడ్డు తెరిచేసరికి అమ్మ ఒక్కతే వచ్చి నిలబడి ఉంది. నేను బకెట్లో గుడ్డ తడిపి ఆమె చేతిలో పెట్టాను. తుమ్మబంక నీళ్లకు కరుగుతుంది, తుడిస్తే పోతుంది. "నీ చేత్తోనే తుడుచు మా," అన్నాను.

ఆమె నాయన బండ ముందు కూర్చుంది. గట్టు మీద పల్లకి దించి బోయీలు నీళ్లు తాగుతుంటే, నాయన దివిటీ పట్టుకుని నిలబడిన బొమ్మ అది. గుడ్డ పక్కన పెట్టి, వేలితో అంచు గీత వెంబడి పోయింది. కింది మూల దగ్గర వేలు ఆగింది. అక్కడ గీత తెగి ఉంది.

"ఇది కలవలేదే."

"తెల్లారితే మాసికం మా. పిండాలకు నువ్వులు యాడ పెట్టినావని నిద్ర లేచి లోపల్నుంచి పిలిచినావు. లేచి వచ్చినా. మళ్లా కలపలేదు."

అమ్మ మోకాళ్ల మీద చేతులు ఊని లేచింది.

"కలవని గీత ముగ్గెట్లయితాది? గీకుడు. ఇంత పెద్దదానివయినా గీకుడే నీది."

గుడ్డ నా చేతికిచ్చి వెళ్లిపోయింది. మిగతా ఎనిమిది బండల వైపు తల తిప్పలేదు. అవన్నీ కలిసినవేనని ఆమెకు తెలుసో తెలియదో. చూడకూడదనే చూడలేదేమో. నేను అడగలేదు, ఇప్పటికీ అడగలేదు.

జనం వచ్చేలోగా తడి గుడ్డ వేలికి చుట్టి, ఎనిమిది అంచుల్లోనూ కింది మూల వేలెడంత గీత చెరిపాను. మధ్యాహ్నం షెడ్డాయన చూసి గాభరా పడ్డాడు. "ఏందమ్మా, ఈడ చెదిరిపోయింది? అన్నిటికీ ఒకేతాన పోయిందే!"

"పోలేదన్నా," అన్నాను. "అమ్మ పిలిచింది."