బొమ్మ కుంటిన పూట

మూకుడులో వేరుశనగకాయలు టకటకమని చిట్లుతుంటే నాకు ఇప్పటికీ ఖాసింబీ అక్క దుకాణం వెనకగది గుర్తొస్తుంది. మొన్న గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ గదిలోని హార్డ్‌డిస్కు సరిగ్గా అదే చప్పుడు చేసేది.

కళ్యాణదుర్గంలో అక్కది వీడియోల దుకాణం. పెళ్ళిళ్ళు, జాతరలు, ఆటలు ఏవి తీసినా ఆ ఒక్క డిస్కులోనే ఉండేవి. ముందు గదిలోని నాలుగు టీవీలకూ బొమ్మ అక్కడినుంచే వెళ్ళాలి. నేను ఐదో తరగతితో బడి మానినదాన్ని. "చదువు లేకుంటే ఏమాయ మే? చూసింది మర్చిపోవు, నాకది చాలు" అని అక్క నన్ను పనిలో పెట్టుకుంది.

ఓబులప్ప తాత తోలుబొమ్మలాట ఆడించేవాడు. గొంతు పోయింది, ఇక ఆడలేడు. ఆయన కడసారి ఆడిన ఆటను అక్క మొత్తం తీసింది. తాత చూసి సరే అంటేనే జనానికి చూపిస్తానని మాట ఇచ్చింది. అది చూడటానికి ఒక రోజు కొడుకులు, మనవలు అందరితో వచ్చాడు. పిల్లలు ఒక్కో టీవీలో ఆటలోని ఒక్కో ఘట్టం పెట్టుకుని కూర్చున్నారు. కాసేపటికే నాట్యకత్తె బొమ్మ ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలిచిపోయి, మళ్ళీ ఎగిరిపడింది.

"నా బొమ్మ కుంటుతాండాది" అన్నాడు తాత బొంగురుగా. "చెరిపేయ్."

"నాయనా, మిషను కదా, కొంచెం ఓర్చుకో" అన్నాడు పెద్దకొడుకు.

"నా చేతిలో ఏనాడన్నా కుంటినాదా? నేను పోయినాక కుంటాల్నా?"

చెరిపేస్తే ఆ ఆట మళ్ళీ పుట్టదు. అక్క మాత్రం తొణకలేదు. "మాపటిదాకా టైమియ్యి తాతా. అప్పుడూ కుంటితే నీ ఎదురుగానే చెరిపేస్తా."

మూడు టీవీలు ఆపించింది. చప్పుడు తగ్గింది, బొమ్మ చక్కగా ఆడింది. ఒక్కొక్కటే మళ్ళీ పెడుతుంటే టకటక పెరిగింది. అక్క నుదురు కొట్టుకుని నవ్వింది. "కరువు బుద్ధి మే నాది! రవ్వంత జాగా కూడా పోగూడదని డిస్కును మరీ చిన్న బ్లాకులుగా, చిన్న చిన్న గళ్ళుగా కోసినా. ట్యాంకరు వస్తే డ్రమ్ము చెంబుతో నింపుతావా, బిందెతోనా?"

"బిందెతోనే."

"చెంబుతో పోతే ఎన్నిసార్లు తిరగల్ల? ఒకరికైతే ఎట్లో తిరుగుతాది. నలుగురూ ఒకేసారి అడిగితే, ఈడొక ముక్క ఆడొక ముక్క ఏరుకోను డిస్కులో చదివే ముల్లు టకటకమని పరిగెత్తి చస్తాండాది."

"బిందె నిండకుంటే అక్కా?"

"ఆ జాగా దండగే. ఫోటోల్లాంటి చిన్నవాటికి చెంబే మేలు. ఇంత పెద్ద ఆటకు కడాన ఒక్క బిందె వెలితయితే ఏం పాయ?"

అన్నీ వేరే డిస్కులోకి దించి, సరిచూసుకుని, దీన్ని పెద్ద బ్లాకులతో ఫార్మాట్ చేసి తిరిగి ఎక్కించింది. సాయంత్రం తాత రాగానే, "తప్పు మిషనుది కాదు తాతా, నాది" అని అందరి ముందూ చెప్పి, నాలుగు టీవీలూ ఒకేసారి పెట్టింది.

నాట్యకత్తె తిరిగింది, వంగింది, లేచింది. ఎక్కడా అడుగు తప్పలేదు. తాత తెర దగ్గరికి జరిగాడు. బొమ్మనాడించే పుల్లలు పట్టుకున్నట్టు ఆయన వేళ్ళు వాటంతటవే కదులుతున్నాయి.

"ఉండనీ" అన్నాడు ఆట అయ్యాక.

అక్క బళ్ళారిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాక దుకాణం నేనే చూసుకుంటున్నాను. కొత్త డిస్కు పెట్టినప్పుడల్లా బ్లాకు ఎంత అని కంప్యూటరు అడుగుతుంది. చూడకుండా నొక్కేసేవాళ్ళే ఎక్కువ. నేను ఆగి, ఇందులో ఏముండబోతోంది అని ఆలోచించుకుని మరీ నొక్కుతాను. పని చెడితే, తప్పు నాదేనని గిరాకీల ముందే చెప్పేస్తాను. అది చెప్పేటప్పుడు అక్కలా నవ్వడం మాత్రం ఇంకా పూర్తిగా పట్టుబడలేదు.