మా ఇంటాయన తొక్కు

సచ్చిపోయిన మొగన్ని సీసాలల్ల పెట్టి, మూత బిగిచ్చి, బజార్ల అమ్మిన ఆడిది బాన్సువాడ మొత్తంల నేనొక్కదాన్నే. పోలీసులు రాలేదు. వస్తే బాగుండు, లోపట కూసొని మొకమన్నా దాసుకుందును. ఆ కథే చెప్తున్న, నవ్వుకునేటోళ్లు నవ్వుకోండ్రి.

పదేండ్ల పిల్లప్పటి సంది బీడీలు చుట్టిన. ఆయన పోయినంక దగ్గు పట్టుకున్నది. దవాఖానల డాక్టరమ్మ "పొగాకు దుమ్ము బంద్ చెయ్యకుంటే నువ్వు గూడ మీ ఆయన ఎన్కనే పోతవ్" అన్నది. ఆయన ఎన్క పోతే ఏముంది, మళ్ల వండి పెట్టుడే గదా! ఆ బాధ ఎందుకని బీడీల చాటను గోడకు బోర్లిచ్చి, మామిడికాయ తొక్కు పెట్టుడు షురూ చేసిన.

బోధన్ల ఒక ఆడపిల్లల హాస్టల్ ఉండె. ఆడి వార్డెనమ్మ నా తొక్కు నాలికె మీద పెట్టుకొని కండ్లు మూసింది. "నెలనెలా తీసుకుంట. కాని పేరు లేని సీసా పిల్లలకు పెట్టలేను. నెట్ల ఒక అడ్రస్ చేపిచ్చుకో, సీసా మీద అచ్చేపిచ్చుకో. సోమవారం నేనే వచ్చి నీ వంట జాగ చూసి మాట ఇస్త" అన్నది. ఆ మాట దొరికితే నా బతుకు గట్టెక్కుతది. దొరకకుంటే మళ్ల చాట, మళ్ల దుమ్ము, మళ్ల దగ్గు.

పేరు ఏం పెట్టాలె? ఆయన పేరే. మామిడికాయ కొట్టుడు, ఉప్పు పాళ్లు చూసుడు ఆయనే నేర్పిండు. ఆడనే వచ్చింది తిప్పలు. మొగని పేరు నోటితోని అనకపోవుడు మా అమ్మ నేర్పిన చదువు. నాకొచ్చిన చదువు గూడ అదొక్కటే. మా గల్లీల పంచర్ దుకాణం ఆయనకు గూడ అదే పేరు ఉన్నదని, ఆయన్ని గూడ "ఓ పంచరన్నా" అనే పిలుస్త. పెండ్లినాడు గడప కాడ మా వదినె, అంటే మా ఆయన అక్క, రెండు చేతులు అడ్డం పెట్టి "మొగని పేరు చెప్తెనే లోపటికి" అన్నది. అందరు కొత్తపెండ్లి పిల్లలు చెప్తరు. నేను నోట్ల బెల్లం ముక్క ఉన్నదని "మ్మ్మ్" అని ఆమె చంక కింది నుంచి దూరిపోయిన. వదినె అది మరువలేదు.

ఇగ నెట్ సెంటర్ సుజాత దగ్గరికి పోయిన. కోటగిరి నుంచి కొత్తగ వచ్చిన కోడలు, మా ఇంటి సంగతి ఎరుకలేదు. ఆ దినం కాలేజీ ఫారాల గుంపు. గంగ జాతర లెక్క ఒగల మీద ఒగలు పడుతుండ్రు.

"పేరేంది పెద్దమ్మా?"

"మా ఇంటాయనది బిడ్డా."

"ఆయన పేరేంది?"

"గదే... మా ఇంటాయన."

"పెద్దమ్మా, ఎన్కల లైన్ ఉన్నది!"

"మా ఇంటాయన పేరుతోనే తొక్కు బిడ్డా. రాయి."

ఆ పిల్ల ఒక్క గడియ నా మొకం చూసింది. "ఓహో, ఇప్పుడు అందరు గిట్లనే పెడుతుండ్రులే. అమ్మ చేతిది, అవ్వ వండింది అనుకుంట" అని టకటక కొట్టింది. గుంపుల ఎవలో ఆయన పేరు అందిచ్చిండ్రనుకున్న నేను. తెర నా దిక్కు తిప్పింది. "సదువుకో పెద్దమ్మా, సరిపోయిందా? నెట్ అడ్రస్ గదా, మధ్యల జాగ లేకుంట అంత ఒక్క తీరే ఉంటది."

చీమలు బారు కట్టినట్టు ఇంగ్లీషు అక్షరాలు. నాకు తెలుగే కూడబలుక్కుంటె గని రాదు. గంత మందిల నాకు సదువు రాదని ఎట్లంట? కండ్లు చిన్నగ చేసి, వేలు అటు నుంచి ఇటు జరిపి, "మస్తుగున్నది బిడ్డా, ఒక్క తప్పు లేదు" అన్న. తెలివి లేనోనికి తల ఊపుడు ఎక్కువ అంటరు. నా తల అయితే ఆ దినం గడియారం లోలకమే అనుకోండ్రి. అట్లనే రెండు వందల చీటీలు అచ్చేపిచ్చి, సీసాలకు అంటిచ్చి, కింద నా ఫోన్ నంబర్ వేపిచ్చి, పెద్ద కొడప్‌గల్ దాక దుకాణాలల్ల పెట్టిచ్చిన.

తెల్లారి ఫోన్. ఎవడో మొగోడు.

"అమ్మా, మీ ఇంటాయన బొక్కలు లేకుంట దొరుకుతడా?"

నాకు నెత్తురు నెత్తికెక్కింది. "నీ నోట్ల మన్నువడ! బొక్కలు ఏడేండ్ల కిందనే మంజీరల కలిపినం!"

ఫోన్ పెట్టేసిండు. పాపం, ఇప్పటికి గూడ ఆ మనిషి తొక్కు తినడేమో.

మధ్యాహ్నం ఒక ఆడామె. "మీ ఇంటాయన కారం ఎక్కువుంటడా అక్కా?"

"ఎక్కువనా? తాగితె నిప్పు. తాగకుంటె ఉప్పు లేని పప్పు" అన్న. మనసుల మాత్రం అనుకున్న, లోకం ఎంత మంచిది, పోయినోన్ని గూడ గింత యాదికి చేసుకుంటుండ్రని.

సోమవారం వచ్చింది. ఇల్లు అలికి, సీసాలన్ని గోడకు బల్ల మీద వరుసగ పెట్టిన. ఆ గోడకే ఆయన ఫోటో. కొత్త పూలదండ గూడ వేసిన. వార్డెనమ్మ ఇంక రాకముందే, పిడుగు లెక్క మా వదినె దిగింది. ఏడో తరగతి సదివిన మనిషి. చేతిల సీసా.

"ఓ సాయవ్వా! నా తమ్ముణ్ణి తొక్కు పెట్టి అమ్ముతున్నవా?"

"ఆయన పేరు మీదనే గదా వదినె!"

"ఆయన పేరు ఏడుందే? 'మా ఇంటాయన తొక్కు' అని ఉన్నది! మా ఊరి కిరాణకొట్టు కాడ 'మీ తమ్ముడు ఎంతకు కిలో' అని అడుగుతుండ్రే నన్ను!"

గప్పుడు సమజైంది, ఆ ఫోన్ల అడిగిన బొక్కలు మామిడి టెంకలని. గా సందులనే వార్డెనమ్మ కాలు పెట్టింది. సీసాల మీద చీటీ సదివింది. మీద దండేసిన ఫోటో చూసింది. మళ్ల చీటీ. మళ్ల ఫోటో.

"ఈయనేనా?" అన్నది, గొంతు చిన్నగ చేసి.

"ఆయనే" అన్న.

రుచికని ఇచ్చిన చెంచ మెల్లగ పక్కకు పెట్టింది. "చూడమ్మా, ఇది పిల్లలు తినేది. గిట్ల ఎగతాళి పేరైతే పెద్దసార్లు నన్ను నిలదీస్తరు. అసలు ఆయన పేరేంది? ఆ పేరు చెప్పు, చీటీ మీద అదే అచ్చేపిద్దం. లేకుంటె నేను పోత."

నేను వదినె దిక్కు చూసిన. "వదినె, జర చెప్పరాదు."

వదినె పోయి గడప మీద నిలవడ్డది. రెండు చేతులు అడ్డం పెట్టింది. "నేను చెప్ప. నువ్వే చెప్పు."

ఒక దిక్కు వార్డెనమ్మ చెప్పులేసుకుంటున్నది. ఒక దిక్కు బోర్లిచ్చిన చాట నన్నే చూస్తున్నది. దగ్గు గొంతుల దాక వచ్చింది. కండ్లు మూసుకున్న. ముప్పై ఏండ్లకు పైగ లోపట దాసిపెట్టిన పేరాయె, చిన్నగ ఎట్లొస్తది?

"నర్సింలూ!"

గోడ మీది బల్లి కింద పడ్డది.

"ఆఁ! వస్తున్నక్కా!" అనుకుంట గల్లీ ఆ మూల నుంచి పంచరన్న చేతిల గాలి పంపు పట్టుకొని ఉరికొచ్చిండు. "ఎవలకేమైంది? ఎన్నడు పేరు పెట్టి పిలువకపోతివి!"

వార్డెనమ్మ నవ్వి నవ్వి పీట మీద కూలవడ్డది. సంగతంత విని కండ్లు తుడుసుకొని, ఆ చెంచతోనే రెండుసార్లు తొక్కు తిన్నది. "నెలనెలా పంపు. పేరు గూడ మార్చకు. ఆ పేరెట్ల వచ్చిందో నేను చెప్పుకుంట. నర్సింలు తొక్కులు ఊరికి పది ఉంటయ్. మొగన్నే పెట్టినామె నువ్వొక్కదానివే."

మా వదినె గడప మీద నుంచి చేతులు దించింది. మొకం ఇంత చేసుకొని, "పెండ్లినాడు అడిగితె ఇయ్యాల చెప్పింది. పో, ఇగ లోపటికి పో" అన్నది. నేను లోపటనే ఉన్న. అయినా బయటికి పోయి, కుడికాలు పెట్టి మళ్ల లోపటికొచ్చిన.

అందుకే ఈ సీసాల మీద చెయ్యి పెట్టి ఒట్టేస్తున్న. తెలవని అక్షరానికి ఇగ తల ఊప. వచ్చే జన్మల గూడ ఆయన్నే చేసుకుంటె, నోట్ల బెల్లం ఉమ్మేసి గడప కాడనే పేరు చెప్త. చుట్టుపక్కల పంచర్ దుకాణం లేకుంట చూసుకొని.