స్తోత్రం అంటే వెలిగే లైటు

ఫిల్మ్‌నగర్‌లో ఎలక్ట్రీషియన్ ముందు గేటు చూస్తాడనీ, తరువాతే మీటరు చూస్తాడనీ నాకు తెలియని రోజులవి. అదే ఫ్యాను, అదే వైరు, కొండ దిగి షేక్‌పేటలో బిగిస్తే ఒక ధర, కొండెక్కి జూబ్లీహిల్స్ వైపు బిగిస్తే ఇంకో ధర. (దేవుడు మనిషి వాకిలి చూసి ప్రేమించడని సండేస్కూల్లో నేర్చుకున్నాను. ఎలక్ట్రీషియన్ గురించి అక్కడ ఎవరూ ఏమీ చెప్పలేదు.) డిగ్రీ అయ్యాక ఒక ఎడిటింగ్ స్టూడియోలో అసిస్టెంటుగా చేరడానికి ఒంగోలు నుంచి వచ్చి, మా మేనత్త ఇంట్లో దిగాను. మావయ్య పోయాక అత్తయ్యకు మిగిలిన ఆధారం ఆ పాత డాబా ఇల్లే. వారమంతా దాన్ని షూటింగులకు కిరాయికి ఇచ్చేది. శనివారం సాయంత్రం మాత్రం ఎంత పెద్ద హీరో అడిగినా ఇచ్చేది కాదు. ఆ వేళ హాల్లో మా సంఘం కూడిక. తెర మీద ఎన్నో కాపురాలు కూలిన ఆ హాల్లోనే మేము చాపలు పరిచి కీర్తనలు పాడుకునేవాళ్ళం.

చీకటి పడగానే హాలు లైటు వేసే పని నాది. గుమ్మం పక్కన నాలుగు స్విచ్‌ల బోర్డు ఉండేది. నొక్కగానే వెలిగేది కాదు. రెండుసార్లు టక్కుటక్కుమనిపించి, గట్టిగా "స్తోత్రం ప్రభువా" అంటే అప్పుడు వెలిగేది. ఏదో లూజ్ కనెక్షన్ అనుకున్నాను మొదట్లో. కానీ ఏ వారమూ తప్పకుండా వెలుగుతుంటే నాకు విశ్వాసం కుదిరింది. ఒక శనివారం, అత్తయ్య వంటింట్లో ఉండగా, లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పేశాను. అందరూ "ఆమెన్" అన్నారు. అయ్యగారు (మా పాస్టరుగారిని అలాగే పిలుస్తాం) మాత్రం, "చాలా సంతోషం బాబూ, ఒకసారి ఎలక్ట్రీషియన్‌కు కూడా చూపించు" అన్నారు.

ఆ ఎండాకాలం ఇంట్లో కరెంటు మొండికేసింది. రెండు ఏసీలు వేస్తే మెయిన్ పడిపోయేది. చెమటతో మేకప్ కారిపోతోందని షూటింగుల వాళ్ళు రావడం మానేశారు. ఇదే అదనుగా ఒకాయన వచ్చి, ఇల్లు మొత్తం లీజుకిస్తే కాఫీ షాపు పెట్టుకుంటానన్నాడు. "చీటీ డబ్బు అరవై వేలుందిరా," అంది అత్తయ్య. "అందులో బాగుపడితే సరే. లేకపోతే ఇల్లు అతనికిచ్చేసి, నేనెక్కడో రెండు గదులు చూసుకుంటాను. కూడిక సంగతి దేవుడే చూసుకోవాలి."

తెలిసినవాళ్ళు పంపిన కాంట్రాక్టరు వచ్చాడు. ఏం చూపించినా "ఫుల్ రీవైరింగ్" అనేవాడు గనుక మా ఇంట్లో ఆయనకు ఆ పేరే స్థిరపడింది. నల్లకళ్ళద్దాలు తీయకుండా, జేబులోని టెస్టరు బయటికి తీయకుండా ఇల్లంతా తిరిగొచ్చాడు. "నువ్వు మాట్లాడు, చదువుకున్నవాడివి" అని నన్ను ముందుకు తోసి అత్తయ్య టీ పెట్టడానికి వెళ్ళింది.

"మొత్తం ఖరాబైంది తమ్మీ. ఒక్క హాల్లనే పద్దెనిమిది పాయింట్లున్నయ్. పాయింటుకింత, వైరుకింత, గోడ కొట్టుడుకింత. రెండు లక్షల ఎనభై వేలైతది. మీరు దేవుని మనుషులని ఎనభై తీసేస్తున్న."

నా కళ్ళ ముందు మా చాపల మీద కాఫీ బల్లలు లేచాయి. "అన్నా, ప్రతి బోర్డూ చూశారా?" అన్నాను.

"చూడకుండ చెప్తనా?"

"ఈ గుమ్మం పక్కది కూడా?"

"అన్నిట్ల డేంజర్ అదే. లోపల వైర్లన్ని మసైనయ్. ముట్టుకోకు, షాక్ కొడ్తది."

"ప్రతి శనివారం ముట్టుకుంటూనే ఉన్నానన్నా. లైటు కూడా వెలుగుతోంది."

"నీ నసీబ్ మంచిగుంది. జర వాసన చూడు, కాలిన వాసన వస్తలేదా?"

చెప్పిన మాట వినే రకాన్ని కదా, వెళ్ళి ముక్కు ఆనించాను. 'ప్రభువా, ఒక్క దారి చూపించు' అనుకుంటూ బోర్డు అంచు పట్టుకున్నాను. బోర్డు ఊడి చేతిలోకొచ్చింది. అట్టముక్కంత తేలిక. వెనక వైరు లేదు, గోడకు రంధ్రమైనా లేదు. నాలుగు మూలలా టేపు ముక్కలు, మధ్యలో తెల్లటి సున్నం.

ఫుల్ రీవైరింగ్ మొదటిసారి కళ్ళద్దాలు తీశాడు. "ఇది... ఇది వేరే మాడల్" అన్నాడు.

అంతలో టీ పట్టుకొచ్చిన అత్తయ్య, "అయ్యో, దాన్నెందుకు పీకావురా?" అంది. "నువ్వు రాకముందు సీరియల్ వాళ్ళు అతికించింది కదా! అందులో కోడలు కోపం వచ్చినప్పుడల్లా లైట్లార్పేది. అందుకని ఎక్కడ పడితే అక్కడ ఒక బోర్డు పెట్టారు. తీస్తే సున్నం ఊడుతుందని ఉంచేశాను."

"మరి నేను నొక్కితే లైటు...?"

"అసలు స్విచ్ వంటింటి గుమ్మం దగ్గరుంది. నువ్వు టక్కుటక్కుమనిపించి స్తోత్రం అనేది నన్ను లైటెయ్యమనే కదా? చేతులు పిండిలో ఉంటే కడుక్కుని వచ్చేసరికి కాస్త ఆలస్యమయ్యేది."

సిగ్గుపడటానికి నాకు తీరిక లేకపోయింది. అంత ఉత్సాహం వచ్చేసింది. హాలు చుట్టూ తిరుగుతూ ఒక్కొక్క బోర్డూ లాగి చూశాను. ఊడినవన్నీ తెచ్చి, యుద్ధంలో గెలుచుకున్న డాళ్ళలా ఆయన ముందు పేర్చాను. సగానికి పైగా ఊడాయి. "అన్నా, ఇవి కూడా మసైనవేనా?"

అత్తయ్య ఆయన్ని ఒక్క మాటా తిట్టలేదు. టీ చేతికిచ్చి, "పని నువ్వే చెయ్యి నాయనా. కానీ ముందు స్క్రూలు విప్పి, లోపల చూసి, అప్పుడు ధర చెప్పు" అని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. విప్పి చూస్తే తేలిందేమిటంటే, గీజరు లైను ఒకటి కాలింది, మెయిన్ బోర్డు పాతబడింది, ఏసీలకు వేరే లైను లాగాలి. సామానుతో సహా యాభై రెండు వేలు. మిగిలిన ఎనిమిది వేలలో కూడికకు కొత్త చాపలొచ్చాయి. కాఫీ షాపాయన వేరే ఇల్లు వెతుక్కున్నాడు.

మరుసటి శనివారం ఊడిన బోర్డు చేత్తో పట్టుకుని మళ్ళీ సాక్ష్యం చెప్పాను. అయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, "మొదటి సాక్ష్యం కంటే ఇదే గట్టిది బాబూ" అన్నారు. నా నమ్మకమూ అదే. అడిగింది నేను, వెలిగించింది ఇంకొకరు. అంతకంటే ప్రార్థన గురించి నాకు ఎవరూ బాగా చెప్పలేదు.

ఇప్పుడు వెంగళరావు నగర్‌లో మా సొంత ఫ్లాటులో ఎలక్ట్రీషియన్ ధర చెప్పబోతే, ముందు ఆయన చేతికి స్క్రూడ్రైవర్ ఇస్తాను, తరువాత టీ. ఇంట్లో అన్నీ అసలు స్విచ్‌లే. సాయంత్రం "స్తోత్రం" అంటూ నొక్కుతాను, టక్కున వెలుగుతుంది. లోపలెవరో పిండిచేతులు కడుక్కుని వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. అయినా ఒక్క క్షణం ఆగుతాను.