సీటు మీది సంచి

విల్లియనూరులో తెల్లారిందంటే ఏటి పక్కనున్న ఊరు సగం బస్టాండులోనే ఉంటుంది. పని పాండిచ్చేరిలో, పడక ఇక్కడ. సెంగమలం ఇరవై ఏళ్ళుగా ఇట్లాగే పోయి వస్తోంది. సర్కారు ఆఫీసులో ఊడ్చి తుడిచే పని ఆమెది. బస్సు నిలబడీ నిలబడకముందే కిటికీలోంచి అన్నం సంచి విసిరి సీటు పట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. సంచి పడిన సీటులో ఇంకొకరు కూర్చోరు, ఈ దోవలో అది కట్టుబాటు. ఎంత తగవులమారి అయినా సంచిని చూసి నిలబడతాడే గాని పక్కకు జరపడు.

ఆ శుక్రవారం సంచిలో అన్నం డబ్బా కింద అమ్మ తాళిబొట్టు ఉంది, గుడ్డలో మూటగట్టి. కూతురు కార్తిక పెళ్ళి దగ్గరపడింది. అమ్మమ్మ బొట్టులోంచి ఇసుమంత బంగారం కలిపితేనే వీళ్ళింట్లో పిల్లకు కొత్త బొట్టు చేయిస్తారు. పోయిన అమ్మది అంటూ ఇంట్లో మిగిలింది అదొక్కటే. పాండిచ్చేరిలో నగలు చేసే ఆచారి ఆ పొద్దునే రమ్మన్నాడు. అన్నం డబ్బా కింద బంగారం ఉంటుందని ఏ దొంగ అనుకుంటాడులే అని సెంగమలం తన తెలివికి తానే మురిసిపోయింది.

రోడ్డు తవ్వుతున్నారని ఆ రోజు పోయే బస్సులూ వచ్చే బస్సులూ ఒకే పక్క నిలిపారు. బస్సు కనబడింది, అలవాటుపడిన చేయి కదా, ఆగుతుందా? సంచి పోయి కిటికీ సీటులో పడింది. ఆమె తలుపు దగ్గరికి వస్తే ఎక్కేవాళ్ళలో తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. తలెత్తి బోర్డు చూసింది. అది పాండిచ్చేరికి ఎదురు దిక్కున విల్లుపురం పోయే బస్సు. "నా సంచి" అని అరిచేలోపే విజిల్ పడింది. బస్సు వంతెనెక్కి ఏరు దాటిపోయింది.

బస్టాండులో బస్సుల టైం రాసే వేల్మురుగన్ సెంగమలం వీధివాడే, ఆమెలాగే ఇంట్లో తెలుగే. కండక్టరుకు ఫోను కొట్టాడు, ఎత్తలేదు.

"అదే బస్సు తిరిగి ఇట్లే రావాల గదక్కా. కూర్చో" అన్నాడు.

కూర్చుంది, ఏం చేస్తుంది? విల్లుపురంలో అందరూ దిగిపోతారు. దిక్కులేని సంచి కనబడితే ఎవరు వదుల్తారు? కార్తికకు చెప్పడానికి నోరు రాలేదు. అమ్మను రెండోసారి పోగొట్టుకున్నట్టు, కొంగు నోట కుక్కుకుని ఏడ్చింది.

ఎండ నెత్తికెక్కాక బస్సు తిరిగొచ్చింది, మెట్ల మీద జనం వేలాడుతూ. సెంగమలం అందరినీ తోసుకుంటూ లోపలికి దూరింది. నడిమధ్య కాలు పెట్టే సందు లేదు. ఆ కిటికీ సీటు మాత్రం ఖాళీ. దాని మీద ఆమె సంచి, విసిరింది విసిరినట్టే ఉంది.

"అమ్మా, తల్లీ" అని నోటినుంచి తెలుగు జారింది.

పక్క సీటులోని అవ్వ కూడా తెలుగులోనే తగులుకుంది. "నీదేనా యమ్మే? విల్లుపురంలో నేనెక్కినప్పటి నుంచి చూస్తుండా. టీకి దిగినావనుకుంటిమి. ఎంతమంది అడిగినారో, ఆళ్ళు వస్తారు, నిలబడండి అంటి. ఇంతసేపు యాడ తాగినావు ఆ టీ?"

సెంగమలం గబగబా డబ్బా ఎత్తి కింద తడిమింది. మూట తగిలింది, ముడి కూడా వదులు కాలేదు. పోయిన ప్రాణం లేచొచ్చింది. మూటను కళ్ళకద్దుకుని ఏడుపూ నవ్వూ కలిపేసింది. ఆలస్యానికి ఆచారి ఎన్ని తిట్టినా ఈరోజు చల్లగానే ఉంటుంది అనుకుంది.

కడ్డీ పట్టుకుని అంతదూరం నిలబడొచ్చిన ఒకాయన చెమట తుడుచుకున్నాడు. "కూర్చోక్కా. నువ్వన్నా కూర్చుంటే మాకు నెమ్మది."

కండక్టరు వచ్చాడు. "యాడికి?"

"పాండికి" అంది సెంగమలం, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటూ. "పొద్దున్నే సీటు పట్టుకున్నాలే నాయనా."