ఫారిన్ పుల్లయ్య

రాచర్ల పుల్లయ్యకు మందు అలవాటు లేదు, పేకాట రాదు, బీడీ కూడా ముట్టడు. ఉన్నదల్లా ఒకటే పిచ్చి. పై దేశం పోయి చదువుకోవాలి. వయసు అరవై రెండు. పదో తరగతి మూడుసార్లు రాసి, మూడుసార్లూ లెక్కల్లోనే తప్పాడు. ఆస్తి అంటారా, నూట పది గొర్రెలు, ఇరవై మేకలు, ఒక గొంగళి. వీటిలో ఏ ఒక్కటీ తన చదువుకు అడ్డమని ఆయన ఏనాడూ అనుకోలేదు.

వారానికి రెండుసార్లు మందను భార్య యల్లమ్మకు అప్పగించి, ఆటో ఎక్కి గిద్దలూరు వచ్చేవాడు. బస్టాండు పక్కన శ్యాంసన్ నెట్ సెంటర్లోకి నేరుగా వచ్చి, చేతికర్రను ప్రింటరుకు ఆనించి, కౌంటరు ముందు స్టూలు మీద కూర్చునేవాడు. కంప్యూటరు దగ్గర ఉండేది రేణుక. ఆయన ఊరి పిల్లే. ఆమెకు ఆయన వరసకు పెదనాయన అవుతాడు.

"ఈ పొద్దు ఏ దేశం పెదనాయనా?"

"ఫిన్లాండు. చలెక్కువంట. మనకేంది, గొంగళుంది. కొట్టు."

రేణుక ఫారం తెరిచేది. "పని అనుభవం ఎంత అని అడుగుతున్నాడు."

"నలభై అయిదేండ్లు."

"నీ కింద ఎంతమంది పనిచేస్తారు?"

"నూట ముప్పై."

"అవి గొర్రెలు పెదనాయనా!"

"మనుషులయితే ఇంతమంది మాట వింటారా? రాయి."

"నీ గురించి మంచిగా చెప్పేవాళ్ళు ఇద్దరు కావాలంట."

"పశువుల డాక్టరు పేరు రాయి. రెండోది మీ పెద్దమ్మ."

"పెద్దమ్మ నీ గురించి మంచిగా చెప్తుందా?"

పుల్లయ్య తల గోక్కున్నాడు. "ఒక్కరు చాలని అడుగు."

ఇట్లా రెండేళ్ళలో పదహారు దేశాలకు అప్లికేషన్లు వెళ్ళాయి. పదహారు దేశాలూ కుదరదన్నాయి. అసలు వినోదం అప్పుడు మొదలయ్యేది. ఇంకొకరైతే దిగులు పడతారు. ఈయన మాత్రం సంచిలోంచి అట్ట చిరిగిన లాంగ్ నోటుబుక్కు తీసి రేణుక ముందు పెట్టేవాడు.

"కుదరదన్నది సరే. ఎందుకు కుదరదో అది చదువు."

"బ్యాంకులో ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు చూపించాలంట."

"నిలువు లోతు. రాసుకో."

"ఇంకో దేశమేమో ఫీజు తక్కువే గానీ డిగ్రీ ఉండాలంటుంది."

"నడుం లోతు. అది కూడా రాయి. నాకు కళ్ళు ఆనవు."

కళ్ళు ఆనకపోవడం పుల్లయ్యకు పెద్ద ఇబ్బంది. కళ్ళజోడు పెట్టుకో అంటే ముక్కు మీద దురద అనేవాడు. అందువల్ల ఉత్తరాలు చదివేదీ, ఫారాలు నింపేదీ, నోటుబుక్కులో లోతులు రాసేదీ అన్నీ రేణుకే.

గిద్దలూరులో ఆయనకు ఫారిన్ పుల్లయ్య అని పేరు పడిపోయింది. టీ అంగడి దగ్గర ఆగితే చాలు, "విమానం ఎన్నింటికి పుల్లయ్యన్నా?" అని ఎవరో ఒకరు అడిగేవారు. "గాలి దుమారం తగ్గినాక ఎక్కుతా," అని ఆయన తాపీగా టీ ఊదుకునేవాడు. పక్కనున్నవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వేవారు. రేణుక కూడా నవ్వేది.

ఆమె నవ్వుకు ఇంకో కారణం కూడా ఉంది. ఆ ఫారిన్ అనే పేరు అంతకుముందు ఆమెదే. ఇంటర్ మంచి మార్కులతో పాసైన రోజున, పై దేశం పోయి నర్సింగ్ చదువుతానని నలుగురిలో అనేసింది. గొర్రెలు కాచే మల్లయ్య కూతురికి ఫారిన్ చదువట అని వీధి వీధంతా నవ్వింది. నీళ్ళ ట్యాంకరు దగ్గరికి బిందె తీసుకుపోతే "ఫారిన్ రేణుక వచ్చింది, దారి ఇవ్వండి" అనేవారు. వారం తిరక్కుండానే ఆమె ఆ మాట ఎత్తడం మానేసి, ఈ నెట్ సెంటర్లో చేరింది. ఆ తర్వాత నెలకే పుల్లయ్యకు ఈ పిచ్చి పట్టింది. పేరు తన మీద నుంచి ఆయన మీదికి మారిపోయినందుకు ఆమెకు ప్రాణం హాయిగా ఉండేది.

పదిహేడో దేశం జర్మనీ. అక్కడి ఒక ఆసుపత్రి నుంచి జవాబు వచ్చింది.

"నర్సు పని నేర్పుతారంట. ఫీజు లేదంట. నేర్చుకునేటప్పుడే నెలనెలా జీతం కూడా ఇస్తారంట," అని రేణుక చదివింది. ఆ జీతం మాట ఆమె తనలో తాను ఇంకోసారి చదువుకుంది. "కానీ నీకు కుదరదు పెదనాయనా. స్కూలు చదువు పూర్తిగా పాసై ఉండాలి. వయసు కూడా ఎక్కువన్నారు. జర్మన్ భాష రావాలి."

"మోకాలి లోతు! రాయి, రాయి!" పుల్లయ్య స్టూలు మీద నుంచి లేచాడు.

"నువ్వు నిలువునా మునిగినావు గదా. మోకాలి లోతేంది?"

"నేను జెప్పింది రాయి. రేపటినుంచి ఆ భాష నేర్చుకుంటన్నా."

ఫోనులో ఉచితంగా దొరికే పాఠాలు పెట్టుకున్నాడు. వారానికి రెండుసార్లు వచ్చే మనిషి రోజూ రాసాగాడు. కళ్ళు ఆనవు గనుక పాఠం రేణుక చదవాలి. చెవులు సరిగ్గా వినబడవన్నది కొత్తగా మొదలైంది గనుక ప్రతి మాటా మూడుసార్లు గట్టిగా పలకాలి. పైగా మతిమరుపట. నిన్నటి పాఠం ఇవాళ మళ్ళీ ఆమే అప్పజెప్పాలి. జెరాక్సుకు వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి ఈ తమాషా చూసేవారు. "మా దుకాణం జర్మనీలో ఉందా, గిద్దలూరులో ఉందా?" అని యజమాని శ్యాంసన్ తల పట్టుకునేవాడు.

ఊర్లో యల్లమ్మ గోడు ఇంకొకటి. "అమ్మాయ్ రేణుకా, మీ పెదనాయన మందను చెడగొట్టినాడే. 'కొమ్' అంటే వస్తాయి, 'హాల్ట్' అంటే నిలబడతాయి. నేను తెలుగులో పిలిస్తే ఒక్కటన్నా తల తిప్పదే! ఆ గొడ్డు మేక అయితే నన్ను ఎగాదిగా చూస్తాది."

ఏడాది గడిచింది. పుల్లయ్యకు నాలుగైదు ముక్కలు వచ్చాయి, అవీ గొర్రెలకు పనికొచ్చేవే. ఒకరోజు మధ్యాహ్నం ఆయన తుమ్ముకుంటూ వచ్చి, కర్రను ప్రింటరుకు ఆనించాడు.

"మద్రాసులో జర్మన్ పరీక్ష ఉందంటనే. ఆ ఫారం తీయి."

రేణుక చేతులు వాటంతట అవే పుల్లయ్య అని కొట్టేశాయి.

"అది చెరిపెయ్. రేణుక అని కొట్టు."

ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతులు ఒళ్ళోకి లాక్కుంది. "నేనొద్దు పెదనాయనా. మళ్ళీ నవ్వుతారు."

"ఎవరే నవ్వేది? మూడేండ్లుగా నన్ను జూసి నవ్వి నవ్వి వాళ్ళకు దవడలు నొప్పి పుట్టినాయి. ఇంక నీకోసం ఏం మిగిలిందని?" అన్నాడు పుల్లయ్య. తర్వాత నోటుబుక్కు ఆమె ముందుకు జరిపాడు. "వానాకాలం వాగు దాటేటప్పుడు మీ నాయన ఏం జేస్తాడు? మందను ముందు తోలతాడా?"

తోలడు. గొర్రెల ఇంట్లో పుట్టిన ఎవరికైనా తెలుసు. కాపరి ముందు తాను దిగుతాడు. కర్రతో పొడిచి చూసుకుంటూ, మోకాలి లోతు, నడుం లోతు అని వెనక్కి కేకలేస్తూ అవతలి గట్టు దాకా పోతాడు. ఎక్కడ దాటవచ్చో తేలాకనే మందను దింపుతాడు. రేణుక నోటుబుక్కు తిప్పింది. పదిహేడు దేశాలు, ఏ దారి ఎందుకు మూసుకుందో, ఏ దారి తెరిచి ఉందో. ప్రతి అక్షరం ఆమె చేతిరాతే. ఈ మనిషిని చూసి తాను కూడా నవ్వినందుకు ఆమెకు సిగ్గేసింది.

"అదేదో ముందే చెప్పొచ్చు గదా!"

"చెప్తే దిగుతావా నువ్వు? కొట్టు, టైమైపోతంది."

పరీక్ష ఫీజుకు మందలో రెండు పొట్టేళ్ళు తగ్గాయి. ఎక్కడ పోయాయని యల్లమ్మ అడిగితే జర్మనీ పోయాయన్నాడు. రేణుక మొదటిసారి తప్పింది, రెండోసారి పాసైంది. ఆ జర్మనీ ఆసుపత్రికి ఈసారి తన పేరుతో అప్లికేషన్ పెట్టింది. నాలుగు నెలలకు అక్కడి నుంచి ఉత్తరం వచ్చింది. తెర మీద చీమ తలకాయలంత అక్షరాలు. కంగారులో ఆమె మొదటి లైనే మళ్ళీ మళ్ళీ చదువుతోంది. కౌంటరు అవతల నుంచి పుల్లయ్య మెడ చాచాడు.

"మూడో లైన్లో చూడవే. అక్టోబరు ఒకటి అనుంది. ఆ పొద్దు చేరాలంట. కింద సంతకం కూడా పెట్టినారు."

రేణుక తల తిప్పి ఆయన వైపు చూసింది. "పెదనాయనా, నీకు కళ్ళు ఆనవు గదా!"

పుల్లయ్య కర్ర అందుకున్నాడు. "అప్పుడప్పుడు ఆనతాయిలే," అన్నాడు.

ఆమె బయలుదేరిన రోజు టీ అంగడి దగ్గర ఎవరూ నవ్వలేదు. అక్కడున్నవాళ్ళలోనే ఒకరు ఆమె సూట్‌కేసు బస్సులోకి ఎక్కించారు. ఇంకొకరు తన మనవరాలికి ఇంటర్ అయిపోతుందని, ఆ నోటుబుక్కు ఒకసారి చూడనిస్తారా అని మెల్లగా అడిగారు.

మొన్న జర్మనీలో డ్యూటీ దిగి గదికి వచ్చిన రేణుకకు గిద్దలూరు నుంచి ఫోను. నెట్ సెంటర్లో కొత్తగా చేరిన చెంచులక్ష్మి. ఇంటర్ అయ్యాక చదువు ఆపేసిన పిల్ల.

"అక్కా, పుల్లయ్య పెదనాయనకి ఇప్పుడు జపాన్ పిచ్చి పట్టుకుందక్కా. ఆ పాఠాలన్నీ నన్నే చదవమంటన్నాడు. పాపం, ఆయనకు కళ్ళు ఆనడం లేదంట గదా?"

రేణుక నవ్వు ఆపుకోవడానికి దిండు అడ్డం పెట్టుకుంది.

"అవునమ్మాయ్. చెవులు గూడా సరిగ్గా వినబడవు. గట్టిగా చదువు," అంది.