నాలుగో అచ్చు

మా నాన్న బందరులో కలంకారీ అద్దకానికి టేకు అచ్చులు చెక్కేవాడు. చేతులు వణకడం మొదలయ్యాక ఉలి జారి పూల రేకుల్ని కోసేసేది. ఆ వణుకు ఇక తగ్గదని డాక్టరు గారు చెప్పేశారు. అమ్మ చర్చిలో ప్రార్థన పెట్టించింది. నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. గుడివాడలో ఇన్వర్టర్లు బాగుచేసే ఉద్యోగం నాది. నాన్న చేతిని బాగుచేయలేకపోయినా, కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే మెషీను ఒకటి ఇంట్లోనే కట్టగలననుకున్నాను.

నాన్న చివరగా మొదలుపెట్టిన పూల డిజైనుకి నాలుగు అచ్చులు కావాలి. గీతలకి ఒకటి, మూడు రంగులకి మూడు. నాన్న మూడు చెక్కాక చెయ్యి ఆగిపోయింది. నాలుగోది లేకపోతే ఆ మూడూ పొయ్యిలోకే. పోనీ ఇంకొకరి చేత చెక్కిద్దామంటే వినడు.

"ఇంకోడి చెయ్యి పడ్డ సెట్టు నాకొద్దు. నువ్వు చేస్తే వేరు" అన్నాడు.

గుడివాడలోనే పాత ఫొటోస్టాట్ మెషీన్లు విప్పి అమ్మే కొట్లో మోటార్లు కొన్నాను. మోటారుకో డ్రైవరు ఉండాలి. మైక్రోకంట్రోలర్ బోర్డు పంపే చిన్న సంకేతాన్ని అందుకుని, మోటారు తిరిగేంత కరెంటు ఇచ్చేది అదే. బోర్డు నుంచి డ్రైవర్లకి సంకేతాల వైర్లు కలిపాను, గ్రౌండూ కలిపాను. ఇక మొదటి మోటారు వైర్లు నాలుగు మిగిలాయి. డ్రైవరుతో వచ్చిన కాగితంలో ఏ రంగు ఎక్కడ పెట్టాలో ఉంది. రంగుకి రంగు చూసి బిగించేశాను. అచ్చుల ఇంట్లో పుట్టినదాన్ని, ఎర్ర అచ్చుని ఎరుపులో తప్ప అద్దరని నమ్మి పెరిగినదాన్ని. రంగు అబద్ధమాడుతుందని నాకెలా తెలుస్తుంది?

స్విచ్ వేశాను. మోటారు తిరగలేదు. ఉన్నచోటే గుర్రుమంటూ వణికింది.

నాన్న పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మోటారుని చూశాడు, మోకాలి మీదున్న తన చేతిని చూసుకున్నాడు.

"దీనికీ వచ్చిందా?" అన్నాడు.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుపొస్తే నాకు తిట్లొస్తాయి. మోటారు అమ్మినవాణ్ణి, వాడి వంశాన్ని కడిగేశాను.

కోపం దిగాక బుర్ర పనిచేసింది. ఒక కంపెనీ ఎరుపు ఇంకో కంపెనీ ఎరుపు కానక్కర్లేదు. మోటారులో చుట్టలు రెండు, ఒక్కో చుట్టకి రెండు వైర్లు. నేను ఈ చుట్ట వైరుని ఆ చుట్టతో జత చేశాను. కరెంటు తీసేసి నాలుగూ విప్పాను. ఏవైనా రెండు వైర్లు కలిపి పట్టుకుని ఇరుసు తిప్పితే, బిగిసినప్పుడు ఆ రెండూ జత. నా రెండు చేతులూ వైర్ల మీదే ఉన్నాయి. తిప్పమని నాన్నని అడిగాను.

వణికే వేళ్ళతోనే ఇరుసు పట్టుకున్నాడు.

"తేలిగ్గానే ఉంది... ఇదీ తేలిగ్గానే... ఆ, పట్టేసింది."

జతలు సరిచేసి మళ్ళీ స్విచ్ వేశాను. వణుకు పోయింది. ఇరుసు నెమ్మదిగా, నున్నగా తిరిగింది. నాన్న దాన్ని చాలాసేపు చూశాడు.

"మరి నాకు ఏ రెండు కలపాలమ్మా?"

స్క్రూలు బిగిస్తూ తల దించుకున్నాను.

చట్రం బిగించి, నాన్న ముందే కాగితం మీద గీసుంచిన నమూనాని కంప్యూటర్లోకి ఎక్కించాను; వారం తిరిగేలోగా నాలుగో అచ్చు చెక్కింది మెషీను. నాన్న రేకుల అంచుల మీద బొటనవేలు పోనిచ్చి, మిగతా మూడింటి పక్కన పెట్టి చూసి, సరిపోయిందన్నాడు. తర్వాత దాన్ని తిరగేసి ఉలి ఇమ్మన్నాడు. ఆయన ప్రతి అచ్చు వెనకా చిన్న చేప గీస్తాడు, అది ఆయన గుర్తు. అదీ మెషీనుతోనే గీయిస్తానన్నాను. వద్దన్నాడు.

ఉలి ఆనించాడో లేదో, జారింది. టేకు మీద అడ్డంగా ఒక గాటు పడింది. ఇంకోసారి ఆనించాడు. మొదటిదాని పక్కన ఇంకో గాటు.

"ఉప్పుకాగితంతో రుద్దేస్తాలే నాన్నా" అన్నాను.

"ఉండనీ. ఇప్పుడు నా గుర్తు అదే" అని ఉలి నా చేతిలో పెట్టాడు.